ఏ షబ్బీర్ అలీ?

2011 ఆగస్టులో ఒక సాయంత్రం. నేను అప్పట్లో పనిచేస్తున్న తెలుగు దినపత్రిక డెస్కు మీదికి ఆ ఏడాది జాతీయ క్రీడా పురస్కారాల జాబితా వచ్చింది. ధ్యాన్‌చంద్ అవార్డు దగ్గర షబ్బీర్ అలీ పేరుంది. ఫుట్‌బాల్ ఆటగాడు, ఊరు హైదరాబాద్. ఆ అవార్డు ఒక ఫుట్‌బాల్ ఆటగాడికి దక్కడం అదే మొదటిసారి. "మన ఊరాయన, ఫొటోతో పెడదాం" అన్నాను. పక్క సీట్లో ఉన్న సీనియర్ తలెత్తి, "ఏ షబ్బీర్ అలీ? కాంగ్రెసాయనా? ఆయన ఫుట్‌బాల్ ఎప్పుడాడాడు?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. తెలుగు పత్రికల వాళ్లకు షబ్బీర్ అలీ అంటే మాజీ మంత్రి మహమ్మద్ అలీ షబ్బీర్ ఒక్కడే. ఆ పేరుతో ఇంకో మనిషి ఉంటాడన్న అనుమానం కూడా ఎవరికీ రాలేదు. లోపలి పేజీలో నాలుగు లైన్లు పడ్డాయి.

ఉర్దూలో నేను వారం వారం రాసే పత్రికలో మాత్రం పెద్ద ఫొటో వేశారు. మన కౌమ్‌కు గర్వకారణం అన్నారు. మన మొహల్లాల బిడ్డ దేశం కోసం గోల్స్ కొట్టాడన్నారు. చూసి సంతోషించాను. మర్నాడు రెండు పత్రికలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఆ నాలుగు లైన్లలోనూ లేని సంగతి, ఈ అరపేజీలోనూ లేని సంగతి ఒకటుంది. 1998-99లో జాతీయ ఫుట్‌బాల్ లీగ్ గెలిచిన గోవా జట్టు సాల్గావ్‌కర్‌కు కోచ్ ఈ షబ్బీర్ అలీయే.

ఇది పొరపాటున జారిపోయిన సమాచారం కాదని నా వాదన. ఒక ముస్లిం జీవితంలో ఏది చూడాలో, ఏది చూడనక్కరలేదో మనం ముందే తీర్మానించుకున్నాం. తెలుగు వాళ్లమూ తీర్మానించుకున్నాం, ఉర్దూ వాళ్లమూ తీర్మానించుకున్నాం. నేను రెండు వైపులా ఉన్నవాణ్ణి కనుక రెండు వైపుల తప్పులోనూ నాకు వాటా ఉంది.

ముందు ఆ మనిషి దారి చూద్దాం. షబ్బీర్ అలీ 1956 జనవరి 26న హైదరాబాద్‌లో పుట్టాడు. పుట్టినరోజు కూడా గణతంత్ర దినమే! ఇంకేం, దేశభక్తి వ్యాసాలు రాసేవాళ్లకు అక్కడే సగం పేజీ నిండిపోతుంది. నాకు ఆ తేదీ కంటే ఆ సంవత్సరం ముఖ్యం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది 1956లో. తర్వాత ఇతను కోచ్‌గా నడిపిన సాల్గావ్‌కర్ క్లబ్బు గోవాలో పుట్టిందీ 1956లోనే. 18 ఏళ్ల వయసులో, 1974లో, బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యూత్ పోటీలకు భారత జట్టు కెప్టెన్‌గా వెళ్లాడు. ఫైనల్లో ఇరాన్‌తో 2-2 గోల్స్‌తో సమానమై రెండు దేశాలూ ఉమ్మడి విజేతలయ్యాయి. ఆ పోటీల్లో భారత్ కప్పు అందుకున్నది ఆ ఒక్కసారే. తర్వాత బొంబాయిలో టాటా జట్టు, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, ఆపైన మహమ్మడన్ స్పోర్టింగ్. దేశం తరఫున ఏళ్ల తరబడి ఫార్వర్డ్‌గా ఆడాడు. ఆట మానేశాక కోచ్ అయ్యాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇంగ్లండులో జట్టు నడిపేవాణ్ణి మేనేజర్ అంటారు. మన దగ్గర మేనేజర్ అంటే రైలు టికెట్లు, హోటల్ గదులు, భత్యం లెక్కలు చూసేవాడు. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి, ఎట్లా ఆడించాలి అని తేల్చేవాడు కోచ్. నేను మాట్లాడుతున్నది ఈ రెండోవాడి గురించి. మాట చెల్లించుకోవాల్సినవాడి గురించి.

గోలు కొట్టే ముస్లిం అందరికీ కావాలి. ఆ గోలు లెక్కకు వస్తుంది, ఫొటోకు వస్తుంది, పరీక్షలో జవాబుగా పనికొస్తుంది. కానీ పదకొండు మందిని ఎంచి, ఇద్దర్ని బయట కూర్చోబెట్టి, మిగతావాళ్లకు ఎక్కడ నిలబడాలో చెప్పే ముస్లిం? అతని బుర్ర? అతని పెత్తనం? అది మన రాతల్లో ఎక్కడుంది? నేను చదివిన తెలుగు కథల్లో ముస్లింలున్నారు. దూదేకేవాళ్లున్నారు, అత్తరు అమ్మేవాళ్లున్నారు, జట్కా తోలేవాళ్లున్నారు, పంక్చర్లు వేసేవాళ్లున్నారు, అల్లర్లలో చచ్చిపోయేవాళ్లున్నారు. మనవాళ్లు రాసినవాటిలోనూ అంతే. ఒక మొహల్లా కుర్రాడు బంతి తన్నే కథయినా ఒకటీ అరా దొరుకుతుందేమో గానీ, పదిమందికి పని చెప్పే ముస్లిం గురించిన కథ నా కంటబడలేదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ విషయంలో ఇది మరీ విడ్డూరం. ఆ ఊరి ఆటకు పునాది కాలు కాదు, బుర్ర. రహీం సాబ్ బడిపంతులు. ఎడంకాలు బలహీనంగా ఉన్నవాడు ఎడంకాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు పెట్టించినవాడు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేసేవాణ్ణి మాన్పించి, తోటివాడికి ఇచ్చి పరుగెత్తమని నేర్పినవాడు. హంగరీ వాళ్ల పద్ధతి గమనించి, నడుమ ఆడే ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి, ఎదుటి డిఫెన్సును తికమక పెట్టినవాడు. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగి రెండేళ్లే అయిన ఊరది. ఏ కుటుంబంలో ఎవరు మిగిలారో లెక్క చూసుకుంటున్న రోజులవి. అప్పుడొక బడిపంతులు జాగ్రత్తగా ఆలోచించి ఒక జట్టును కట్టాడు. దీన్ని మనం 'వైభవం' అంటాం. వైభవం అనేశాక ఆలోచన గురించి అడగాల్సిన పని ఉండదు కదా!

2024లో రహీం మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. రహీంగా అజయ్ దేవ్‌గణ్ వేశాడు. ఆలస్యమైనా వచ్చినందుకు సంతోషమే. హాల్లో కూర్చుని నేనూ కళ్లు తుడుచుకున్నాను, దాచుకోను. అయితే ఆ సినిమా ఎక్కడ నిలబడిందో చూడండి. 1962 జకార్తా ఏషియాడ్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన బంగారు పతకం మీద, 1963లో ఆయన్ని తీసుకుపోయిన క్యాన్సర్ మీద. పతకమూ చావూ, ఈ రెండూ లేకపోతే రహీం మీద సినిమా తీసేవారా? చావబోతున్న ముస్లిం దేశానికి బంగారం తెచ్చిపెడితే కథ. బతికి ఉన్న ముస్లిం గోవాలో ఒక క్లబ్బు జట్టును సీజన్ పొడుగునా నడిపి లీగ్ గెలిపిస్తే అది కథ కాదు. అక్కడ జెండా లేదు, జాతీయగీతం లేదు, ఎదురుగా మరో దేశం లేదు. ఉన్నది పని.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది మార్టూరు. ఇప్పుడు బాపట్ల జిల్లా, అప్పటికి ప్రకాశం. మద్రాసు రోడ్డు పక్కన పత్తి మిల్లులు, గ్రానైటు, చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. ఊళ్లో కుర్రాళ్ల ఆట అయితే క్రికెట్టు, లేకపోతే వాలీబాల్. మా ఊళ్లో ఫుట్‌బాల్ ఆడగా నేను చూడలేదు. మా నాన్న వైపువాళ్లు నూర్‌బాషాలు, ఇంట్లో తెలుగే. అమ్మ వైపుది ఉర్దూ ఇల్లు. నాకు రెండు భాషలూ అలా వచ్చాయి.

1999 జూన్ 8. ప్రపంచ కప్‌లో మాంచెస్టర్‌లో ఇండియా, పాకిస్తాన్ ఆడుతున్నాయి. అక్కడ కార్గిల్‌లో యుద్ధం. రోడ్డు మీది టీ కొట్లో టీవీ ముందు యాభైమందిమి. నేను డిగ్రీ చదువుతున్నాను. నాతో చదివినవాడే, మంచివాడే, భుజం మీద చెయ్యేసి నవ్వుతూ అడిగాడు: "ఏరా సాయిబూ, ఇవాళ మీవాళ్లు గెలుస్తారా?" ఆ రోజు భారత కెప్టెన్ అజరుద్దీన్. హైదరాబాదీ. 59 పరుగులు చేశాడు. అతను కొట్టిన ఒక్కో పరుగూ నా ఖాతాలో జమ వేసుకుంటూ కూర్చున్నాను. ఇండియా 47 పరుగులతో గెలిచాక అందరికంటే గట్టిగా కేకలు వేసింది నేనే. రాత్రి గొంతు బొంగురుపోయింది.

అప్పటికే ఆ సీజను జాతీయ లీగ్ సాల్గావ్‌కర్ గెలిచి ఉంది. ఆ జట్టు కోచ్ ఇంకో హైదరాబాదీ ముస్లిం. టీ కొట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. చాలా ఏళ్లు అనుకునేవాణ్ణి: తెలిసుంటే ఆ ప్రశ్నకు ఆ పేరుతో జవాబు చెప్పేవాణ్ణి గదా అని. ఇప్పుడు అనుకుంటాను, తెలియకపోవడమే మంచిదైంది. తెలిసుంటే అజర్ పరుగుల్ని వాడుకున్నట్టే షబ్బీర్ అలీ పనినీ వాడుకుని ఉండేవాణ్ణి. సర్టిఫికెట్ లాగా జేబులోంచి తీసి చూపించేవాణ్ణి. అడిగినవాడి ప్రశ్న తప్పని అనకుండా, ఆ ప్రశ్నకు సరిపడే జవాబు వెతికేవాణ్ణి. మన ఉర్దూ పత్రిక ఆ అరపేజీలో చేసిందీ అదే. 'దేశం కోసం గోల్స్ కొట్టాడు' అన్న వాక్యం మనవాళ్ల కోసం రాసిందేనా? ఎవరో అడుగుతారని ముందే రాసిపెట్టుకున్నది కాదా?

అతని ఆట జీవితంలోంచే ఒక ఉదాహరణ చెబుతాను. 1980లో ఈస్ట్ బెంగాల్ నుంచి ఒక గుంపు ఆటగాళ్లు మహమ్మడన్ స్పోర్టింగ్‌కు వెళ్లిపోయారు. షబ్బీర్ అలీ వెళ్లాడు. సురజిత్ సేన్‌గుప్తా కూడా వెళ్లాడు. మహమ్మడన్ 1891 నాటి క్లబ్బు. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదుసార్లు కలకత్తా లీగ్ గెలిచి, అప్పటి ముస్లింల గుండెల్లో ఇల్లు కట్టుకున్న క్లబ్బు. ఈ గుంపు వెళ్లిన మరుసటేడు, 1981లో, ఆ క్లబ్బు మళ్లీ కలకత్తా లీగ్ గెలిచింది. (ఆ తర్వాత ఇంకోసారి గెలవడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది.) ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. సేన్‌గుప్తా వెళ్తే క్లబ్బు మారాడు. షబ్బీర్ అలీ వెళ్తే 'సొంతవాళ్ల దగ్గరకు' వెళ్లాడు. ఈ మాట మెజారిటీ వాళ్ల నోట విన్నాను, మనవాళ్ల నోటా విన్నాను. వాళ్లు ఎత్తిపొడుపుగా అంటే మనవాళ్లు మురిపెంగా అన్నారు. ఇద్దరూ ఒకే బస్సెక్కి ఒకే మైదానానికి వెళ్లి ఒకే పని చేసినా, ఒకడిది ఉద్యోగం, ఇంకొకడిది మతం! మంచి జట్టు, మంచి డబ్బు, మంచి తోటి ఆటగాళ్లు చూసుకుని మారే హక్కు ముస్లిం ఆటగాడికి ఉండదా?

పోనీ, గోవా వెళ్లినప్పుడో? సాల్గావ్‌కర్ గనుల వ్యాపారం చేసే గోవా కుటుంబం పెట్టిన క్లబ్బు. అక్కడ 'సొంతవాళ్లు' ఎవరు? హైదరాబాద్ వాడు పోయి, కొంకణి మాట్లాడే కుర్రాళ్లకు, బ్రూనో కుటిన్హో లాంటి పేరుమోసిన ఫార్వర్డ్‌కు, ఆట చెప్పాలి. 'సొంతవాళ్లు' అనే కథలో ఈ భాగం ఇమడదు. అందుకే రెండు పత్రికలూ దాన్ని వదిలేశాయని నా అనుమానం.

నాకు ఆ జీవితంలో అన్నిటికంటే విలువైన భాగం అదే. నాకౌట్ కప్పు వేరు, లీగ్ వేరు. కప్పులో నాలుగైదు మంచి రోజులు చాలు. ఒక ఫార్వర్డ్‌కు ఆ రోజున కాలు కుదిరితే చాలు. లీగ్‌లో అలా కుదరదు. నెలల తరబడి, ఊరు మార్చి ఊరు, గెలిచిన వారం తర్వాత ఓడిన వారం. గాయపడ్డవాడి చోట ఎవర్ని దించాలి, అలిగినవాణ్ణి ఎట్లా దారికి తేవాలి, డ్రాకు సర్దుకోవాల్సిన ఆట ఏది, గెలిచి తీరాల్సింది ఏది. ఇవన్నీ పేపర్లో రాని పనులు. గోలు కొట్టి పేరు తెచ్చుకున్నవాడికి ఇది మరీ కష్టం. తను కొడితే ఒక్క క్షణంలో తేలే పనిని, ఇంకొకడి కాలితో చేయించి గీత అవతల నిలబడి చూడాలి. గొప్ప ఫార్వర్డ్‌లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 1996-97లో మొదలైన జాతీయ లీగ్‌ను మొదట పంజాబ్ జట్టు జేసీటీ, తర్వాత కలకత్తా జట్టు మోహన్ బగాన్ గెలిచాయి. మూడోసారి సాల్గావ్‌కర్. గోవాకు ఆ టైటిల్ అదే మొదలు.

ఆ లీగ్ మొదలైనప్పుడు అందులో ఉన్న పన్నెండు జట్లలో హైదరాబాద్ జట్టు లేదు. హైదరాబాద్ పేరుతో జాతీయ పై లీగ్‌లో ఒక జట్టు నిలబడటానికి 2019 దాకా పట్టింది. సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్‌గా, 1965-66లో ఆంధ్రగా గెలిచిన నేల ఇది! ఆట నడిచింది పోలీసు ఉద్యోగాల మీద, సర్కారు శాఖల మీద, బ్యాంకుల మీద. ఆటగాళ్లను ఉద్యోగాల్లోకి తీసుకోవడం తగ్గిపోయాక ఆట ఎండిపోయింది. ఇక మిగిలింది వలసే. నయీముద్దీన్, హబీబ్, అతని తమ్ముడు అక్బర్, విక్టర్ అమల్‌రాజ్, షబ్బీర్ అలీ, అందరూ కలకత్తా బండి ఎక్కినవాళ్లే. గల్ఫ్ వెళ్లినవాళ్ల మీద మనం కథలు రాసుకున్నాం. వీళ్లదీ అదే బతుకుతెరువు. వీళ్లను వలస కూలీల లెక్కలో ఎందుకు వేయలేదో!

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లున్నారు. నయీముద్దీన్‌కు 1990లో ద్రోణాచార్య అవార్డు రాలేదా, ఫుట్‌బాల్ కోచ్‌కు ఆ అవార్డు అదే మొదటిది కదా అంటారు. నిజమే, వచ్చింది. రాజ్యం గుర్తించలేదని నేను అనడం లేదు. రాతల గురించి అంటున్నాను. షబ్బీర్ అలీకి వచ్చిన ధ్యాన్‌చంద్ అవార్డు చూడండి. ఆడినప్పటి ప్రతిభకూ, విరమించాక ఆటకు చేసిన 'సేవ'కూ కలిపి అప్పట్లో ఇచ్చేవారు. ఆ సేవ అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. లీగ్ గెలిపించడం సేవా? మసీదులో చెప్పులు సర్దడం సేవ, దర్గా దగ్గర నీళ్లు పోయడం సేవ. జట్టు నడపడం విద్య, పెత్తనం, జీతం తీసుకుని చేసే పని.

ఇక మనవాళ్ల సంగతి. హైదరాబాద్ ఫుట్‌బాల్ అనగానే 'మన కౌమ్ ఆట' అనేస్తాం. అమ్ముగూడ తులసీదాస్ బలరాం ఎవరి ఆట ఆడాడు? అమల్‌రాజ్ ఎవరి ఆట ఆడాడు? రహీం సాబ్ జట్టులోకి ఎంచుకునేటప్పుడు మతం చూసి ఉంటే ఆయన రహీం సాబ్ అయ్యేవాడా? మన ముషాయిరాల్లో పాత హైదరాబాద్‌ను తలుచుకుని ఏడ్చే అలవాటొకటి ఉంది. ఏడుపులో సుఖం ఉంటుంది. రహీం ఎడంకాలి పోటీలు ఎట్లా పెట్టించాడో, ఎవర్ని ఎందుకు తీసేశాడో, షబ్బీర్ అలీ ఆ సీజనంతా జట్టును ఎట్లా కూర్చాడో అడిగి రాసుకోవడంలో ఆ సుఖం లేదు. 2023 ఆగస్టు 15న హబీబ్ పోయాడు. 1977లో కలకత్తాలో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన హబీబ్. స్వాతంత్ర్య దినాన పోయాడని ఎంత చక్కగా రాశామో! జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో కుర్రాళ్లకు ఆట నేర్పిన రోజుల గురించి నేను చూసిన నివాళుల్లో ఒక్క వాక్యం మించి లేదు. అందులో ఒక నివాళి నాదే.

మా నాన్న పత్తి మిల్లులో ముఠా కూలీ. బేళ్లు లారీల కెక్కించే పని. పాత మేస్త్రి మానేస్తే, లెక్కలు రాయగలడని యజమాని మా నాన్నకు ముఠా అప్పగించాడు. మర్నాడు సగం మంది పనిలోకి రాలేదు. "సాయిబు కింద పనేంది?" అన్నారట. అప్పటిదాకా ఒకే బేలును చెరో కొసా పట్టుకుని మోసినవాళ్లే. నాన్న అనేవాడు: "బేలు మోసినన్నాళ్లు నేనేందో ఎవుడికీ గుర్తు రాలేదురా. కాగితం పెన్సిలు పట్టుకున్న రోజున గుర్తొచ్చింది."

2011లో ఆ నాలుగు లైన్లు పడిన వారం మార్టూరు వెళ్లాను. నాన్నకు షబ్బీర్ అలీ గురించి చెప్పాను. ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఆయనకు పెద్దగా పట్టదు. దేశానికి ఆడాడంటే "ఊఁ" అన్నాడు. గోల్స్ అంటే "ఊఁ" అన్నాడు. గోవా జట్టుకు కోచ్‌గా చేశాడన్నాక మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆయన కింద ఎంతమంది?"

"ఇరవై మందికి పైనే ఉంటారు నాన్నా."

"అంతా మనోళ్లేనా?"

"కాదు. గోవా వాళ్లు. క్రైస్తవులున్నారు, హిందువులున్నారు."

"మాట విన్నారా?"

"దేశమంతటికీ ఫస్టు వచ్చారు."

నాన్న కాసేపు మాట్లాడలేదు. బీడీ వెతుక్కున్నాడు. తర్వాత అడిగాడు: "వినడానికి ఎన్నాళ్లు పట్టిందంటా?"